చెమట సహజమని సెలవిచ్చారు

అరచేతులకు చెమట పట్టడం ఆరోగ్యవంతమైన శరీర లక్షణమనీ, దానికి వైద్యం కోరడమే ఒక రకమైన అనారోగ్యమనీ, కావున తమరి విన్నపాన్ని తిరస్కరించడానికి మిక్కిలి సంతోషిస్తున్నామనీ బీమా కంపెనీవారు ఉత్తరం రాశారు. ఉత్తరం అందుకున్న మనిషి దాన్ని రెండు చేతులతో పట్టుకుని శ్రద్ధగా చదవసాగాడు. చివరి వాక్యం దాకా వచ్చేసరికి కాగితం అడుగుభాగం మెత్తబడి, సంతకంతో సహా ఊడి కాళ్ళమీద పడింది. అందువల్ల తనను తిరస్కరించిన మహానుభావుడెవరో అతనికి తెలియకుండా పోయింది.

అతను ఒక కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పనివాడు. అసలు పేరు జీతం ఇచ్చే రోజున మాత్రమే బయటికి వచ్చేది. మిగతా రోజుల్లో షాపులో అందరూ 'ఊట' అని పిలిచేవారు. భయమేసినా వేయకపోయినా, ఎండ కాసినా చలి కొరికినా అతని అరచేతుల్లో చెమట ఊరుతూనే ఉండేది. తుడిస్తే మళ్ళీ ఊరేది. పిడికిలి బిగిస్తే వేళ్ళ సందుల్లోంచి జారేది. ఆఫీసుల్లో పని జరగాలంటే చెయ్యి తడపాలంటారు. ఇతని చెయ్యి పుట్టినప్పటినుంచీ తడిగానే ఉన్నా, దానివల్ల జరిగిన పని ఒక్కటీ లేదు.

షాపు ముందు భాగమంతా అద్దాలూ దీపాలూ. వెనక చిన్న గదిలో ఊట రాజ్యం. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము కొలతకి అరగదీయడం, అంచు నునుపు చేయడం, ముక్కుమీద ఆనే బిళ్ళలు సరిచేయడం, చీమ తలకాయంత స్క్రూలు బిగించడం అతని పని. చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకునేవాడు. ఒక జత తడిసిపోగానే ఇంకో జత. తడిసినవాటిని ఈ గోడనుంచి ఆ గోడకి కట్టిన తాడుమీద ఆరేసేవాడు. ఎవరైనా తలుపు తీస్తే గదినిండా చేతులు గాల్లో ఊగుతూ వీడ్కోలు చెబుతున్నట్టుండేది.

ఇన్ని తొడుగులున్నా చెమట తన దారి తాను వెతుక్కునేది. రిటైరైన హెడ్మాస్టరొకాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని తిరిగొచ్చి, లోకమంతా మసగ్గా కనబడుతోందని ఫిర్యాదు చేశాడు. "వయసొచ్చాక లోకం అలాగే కనబడుతుంది సార్" అని యజమాని వేదాంతం చెప్పి పంపించాడు. మర్నాడు కాలేజీ అమ్మాయి అదే ఫిర్యాదుతో వచ్చింది. ఆమెకు చెప్పడానికి యజమాని దగ్గర వేదాంతం మిగల్లేదు.

ఆ సాయంత్రం యజమాని వెనక గదిలోకి వచ్చి, వేలాడుతున్న తొడుగుల మధ్య తల వంచుకుని నిలబడ్డాడు. మంచివాడు. మంచివాళ్ళు ఉద్యోగం తీసేసేటప్పుడు ఎంత బాధపడతారో అంతా ఆయన ముఖంలో కనబడింది.

"చూడవయ్యా, నీ పనికి వంక పెట్టే మొనగాడు లేడు. వంకంతా నీ చేతులకే. ఆ చేతులు ఇంట్లో వదిలేసి నువ్వొక్కడివే వస్తానంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు."

"అవి లేకుండా రావడం కష్టమండీ" అన్నాడు ఊట.

"అదే నేనూ ఆలోచిస్తున్నాను. ఏదైనా వైద్యం చేయించుకో. ఏడాది చివరిదాకా చూస్తాను. తర్వాత నన్ననుకోకు."

ఉద్యోగం సంగతి అలా ఉండగా ఇంటి దగ్గర ఇంకో సంగతి ఉంది. ఊటకు నెలల కూతురుంది. మెత్తగా, గుండ్రంగా, చేపపిల్లలా గింజుకునే పిల్ల. ఆ పిల్లను అతను తువ్వాలు చుట్టకుండా ఒక్కసారైనా ఎత్తుకోలేదు. తువ్వాలు చుట్టి ఎత్తుకున్నా, అత్తగారు కింద రెండు చేతులూ చాచి, పిందె రాలుతుందేమోనని కనిపెట్టుకున్నట్టు నిలబడేది. "అల్లుడుగారూ, మీమీద నమ్మకం లేక కాదు" అనేది. నమ్మకం ఉన్నవాళ్ళు అలా నిలబడరని ఊటకి తెలుసు. పిల్ల ఒంటి వెచ్చదనం ఎలా ఉంటుందో తువ్వాలుకి తెలిసినంత అతనికి తెలియదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, పిల్ల నిద్రపోయాక మోచేత్తో దాని పాదం తాకి చూసుకునేవాడు. మోచేతికి చెమట పట్టదు.

ఇది ఒకరోజు భార్య చూసింది. ఆమె లెక్కల టీచరు. కన్నీళ్ళు పెట్టుకోవడం ఆమె సిలబస్‌లో లేదు.

"ప్రతి నెలా మీ జీతంలో బీమాకని కోస్తున్నారు కదా. ఎప్పుడైనా వాడామా?" అంది.

"లేదు."

"మరి ఆ డబ్బుతో వాళ్ళు ఏం చేస్తున్నారు?"

"నా పుట్టినరోజుకి శుభాకాంక్షలు పంపుతున్నారు."

"అయితే ఈ ఏడాది శుభాకాంక్షలు వద్దని చెప్పి వైద్యం ఇమ్మందాం" అంది ఆమె.

చర్మ వైద్యురాలు అతని చేతులు చూసి, ఇది నరాలు చెమట గ్రంథులకు అవసరానికి మించి కబుర్లు పంపడంవల్ల వచ్చే జబ్బని, ఇందులో అతని తప్పేమీ లేదని చెప్పింది. అంతవరకు ఎవరూ అతనికి ఆ మాట చెప్పలేదు. ముందు రాసుకునే మందు ఇచ్చింది. చెమట ఆగలేదు సరికదా దురద కూడా తోడైంది. తర్వాత నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టి సన్నగా కరెంటు పంపే వైద్యం చేసింది. చేతులు జిల్లుమన్నాయి గానీ మాట వినలేదు. చివరికి అరచేతుల్లో ఇంజక్షన్లు వేస్తే కబుర్లు మోసే నరాలు కొంతకాలం నోరు మూసుకుంటాయంది. వాటి ఖరీదు విన్నప్పుడు పక్కనున్న భార్య అరచేతుల్లో కూడా చెమట పట్టింది. బీమా కంపెనీకి విన్నపం పెట్టుకున్నది అందుకు. తిరస్కరించడానికి మిక్కిలి సంతోషించిన ఉత్తరం వచ్చింది దానికి.

భార్య కంపెనీవారి సంతోష సేవా విభాగానికి ఫోను చేసి, ఊట చేతిలో పెట్టబోయి, ఫోను జారిపోతుందని గుర్తొచ్చి స్పీకరు నొక్కింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక తియ్యటి గొంతు పలికింది.

"మీరు కోరిన ఇంజక్షను నుదుటి ముడతలకు వాడేదండీ. అది అందం కోసం చేయించుకునే చికిత్స కిందికి వస్తుంది. మీకు ముడతలు ఎక్కడున్నాయి?"

"ముడతలు కాదండీ. అరచేతుల్లో చెమట."

"అరచేతుల్లో ముడతలు పోగొట్టుకుంటే చేతిరేఖలు కూడా పోతాయి. ఆలోచించుకున్నారా?"

"రేఖలు ఉండనీయండి. చెమట పోతే చాలు."

"మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని గొంతు మాయమైంది. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు కొందరుంటారు. కంపెనీవారు గుడ్డను కూడా సువాసన నీళ్ళలో తడిపేవారు.

అయితే కంపెనీవారిని కఠినాత్ములనడం అన్యాయం. వారు సాక్ష్యం చూపించుకునే అవకాశం ఇచ్చారు. తడిగా ఉన్న చేతుల ఫొటోలు పంపమన్నారు. పంపాడు. అప్పుడే కడుక్కున్న చేతులు కూడా ఇలాగే ఉంటాయని జవాబొచ్చింది. కడుక్కోలేదని రాసిచ్చాడు. చేతులు కడుక్కోని మనిషి పరిశుభ్రత లోపంవల్ల వచ్చే జబ్బులకు కంపెనీ బాధ్యత వహించదని మరో జవాబొచ్చింది.

తర్వాత, ఈ చెమట ఆందోళనవల్ల పట్టడం లేదని మానసిక వైద్యుడి దగ్గర ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆందోళనవల్ల అయితే అది మనసు జబ్బు, ఈ పాలసీలోకి రాదు. ఆందోళన లేకుండా పడితే అది సహజం, ఏ పాలసీలోకీ రాదు. మానసిక వైద్యుడు పెద్దమనిషి. "మీకు ఆందోళనగా ఉంటుందా?" అని అడిగాడు. "ఈ కంపెనీతో వ్యవహారం మొదలైనప్పటినుంచీ కొంచెం ఉందండీ" అన్నాడు ఊట. ఆయన బాగా ఆలోచించి, 'ఇతని మనస్సు నిశ్చలంగా ఉన్నది, చేతులే కంగారు పడుచున్నవి' అని రాసి ముద్ర వేశాడు.

ఆ పత్రం పట్టుకుని భార్యాభర్తలిద్దరూ కంపెనీ కార్యాలయానికి వెళ్ళారు. అక్కడ ప్రతి విన్నపదారుడూ తాను తానేనని వేలిముద్రతో రుజువు చేసుకోవాలి. గుమాస్తా ఒక నల్లటి యంత్రం ముందుకు జరిపాడు. ఊట బొటనవేలు పెట్టాడు. యంత్రం ఎర్రగా వెలిగి, వేలు తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించమంది. తుడుచుకున్నాడు. మళ్ళీ అదే మాట. చూపుడువేలు, ఎడమచేతి బొటనవేలు, చిటికెనవేలు, ఇలా ఉన్న వేళ్ళన్నీ అయిపోయాయి.

గుమాస్తా నొచ్చుకుంటూ అన్నాడు. "నియమాల ప్రకారం మీరు మీరు కాదండీ."

"మరి ఈయన ఎవరు?" అంది భార్య.

"ఆ వివరాలు మా దగ్గర ఉండవమ్మా. నా మాట విని ముందు ఈ చెమటకి మంచి వైద్యం చేయించుకుని రండి. చేతులు పొడిబడ్డాక వైద్యం కోసం దరఖాస్తు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు."

ఆయన ఇది వెటకారంగా అనలేదు. నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు. కాసేపు బుర్ర గోక్కుని, బాత్‌రూములో చేతులు ఆరబెట్టే యంత్రముందని గుర్తుచేశాడు. ఊట బాత్‌రూములోకి వెళ్ళి, వేడిగాలికి బొటనవేలు ఆరబెట్టుకుని, దాన్ని వెలుగుతున్న దీపంలా ముందుకు పట్టుకుని వసారా వెంట పరుగెత్తుకొచ్చాడు. వసారా పొడుగెక్కువ. బల్ల దగ్గరికి చేరేసరికి వేలు తళతళలాడుతోంది. వరసలో నిలబడ్డవాళ్ళు దారిచ్చి, ఇంకాస్త జోరుగా రమ్మని ఉత్సాహపరిచారు. అయినా లాభం లేకపోయింది. చివరికి గుమాస్తాయే జాలిపడి, వేలిముద్రల యంత్రాన్ని వైరుతో సహా పెరుక్కుని బాత్‌రూముకి మోసుకొచ్చాడు. అక్కడ, ఒకరు వేడిగాలి మీట నొక్కి పట్టుకోగా, ఇంకొకరు యంత్రం ఎత్తి పట్టుకోగా, ఊట తాను తానేనని రుజువు చేసుకున్నాడు. యంత్రం పచ్చగా వెలిగింది. చేతులు కడుక్కోవడానికి వచ్చినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

కంపెనీవారి జాగ్రత్తను మెచ్చుకోవలసింది ఇక్కడే. పచ్చదీపం వెలిగిన సంగతి వారి రికార్డుల్లోకి ఎక్కింది. కంపెనీ తరపున చర్మవ్యాధుల విన్నపాలు పరిశీలించేది ఒక పళ్ళ డాక్టరు. ఆయన రికార్డు చూసి, 'వేలిముద్ర స్పష్టంగా పడినందున వేలు పొడిగా ఉన్నట్టు రూఢి అయినది. కంపెనీ సేవలవల్లనే రోగి కోలుకున్నందుకు అభినందనలు' అని రాసి విన్నపం మూసేశాడు.

ఆ ఉత్తరంతో ఊట ఆశలకు పూర్తిగా నీళ్ళు వదులుకున్నాడు. వదులుకోవడానికి అతని దగ్గర నీళ్ళకు కరువు లేదు. "పోనీలే, వేరే పని చూసుకుంటాను. చేతులతో చేయక్కర్లేని పని ఏదో ఒకటి ఉండకపోదు" అన్నాడు.

"ఉంది. విన్నపాలు తిరస్కరించే పని. దానికి మీరు పనికిరారు" అంది భార్య. అప్పీలు పెట్టింది.

అప్పీళ్ళ సంఘం సమావేశమయ్యే గదిలో వణుకు పుట్టేంత చల్లగా ఉంది. సభ్యులు కోట్లు తొడుక్కుని కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షులవారు, కుడివైపు పళ్ళ డాక్టరు, ఎడమవైపు నియమావళి చూసే అధికారిణి. ఇటువైపు ఊట, భార్య, వాళ్ళకోసం ఆస్పత్రి పని మానుకుని వచ్చిన చర్మ వైద్యురాలు. ఊట చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటికింద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

అధ్యక్షులవారు లేచి ఉపన్యసించారు. "సోదరా, చెమట అంటే ఏమిటి? చెమట శ్రమకు ఆభరణం. నాగరికతను నిర్మించింది చెమట. ఈ కంపెనీని ఈ స్థాయికి తీసుకురావడానికి మేమంతా ఎంత చెమటోడ్చామో ఈ గోడల్ని అడగండి. సాక్షాత్తూ ప్రకృతి ప్రసాదించిన చెమటను వద్దనుకునే యువతరాన్ని చూస్తే నా గుండె తరుక్కుపోతోంది. మనిషై పుట్టిన ప్రతివాడికీ అరచేతుల్లో చెమట పడుతుంది. మీకూ పడుతుంది, నాకూ పడుతుంది. మరి నేనెప్పుడైనా బీమా అడిగానా?"

పళ్ళ డాక్టరు చప్పట్లు కొట్టాడు. చలికి ఎలాగూ చేతులు రుద్దుకోవాలి కాబట్టి అధికారిణి కూడా కొట్టింది.

చర్మ వైద్యురాలు లేచింది. సంచిలోంచి ఒక సీసా, ఒక పొడి డబ్బా తీసింది. అరచేతికి అయొడిన్ పూసి, ఆరనిచ్చి, పైన గంజిపొడి చల్లితే చెమట ఉన్న చోటల్లా నల్లబడుతుందని చెప్పింది. ఆరనివ్వడమే కష్టమైంది గానీ, ఊట అరచేతుల్లో పొడి పడీ పడగానే సిరా బుడ్డి ఒలికినట్టు రెండు చేతులూ కారునలుపుకి తిరిగాయి.

"ఇందులో వింతేముంది? అందరికీ ఇంతే" అన్నారు అధ్యక్షులవారు. అన్నవారు ఊరుకోలేదు. అప్పటిదాకా బాగా నడిచిన ఉపన్యాసం ఊపులో ఉన్నారు. కోటు చెయ్యి పైకి లాక్కుని, "నాకూ పూయండి. నిజానిజాలు తేలిపోతాయి" అని చెయ్యి చాపారు.

పూశారు. ఆరింది. పొడి చల్లారు. అందరూ ముందుకు వంగి చూశారు. అధ్యక్షులవారి అరచేయి సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క లేదు. కాసేపు ఆగారు. ఇంకాస్త పొడి చల్లారు. పొడి రాలి బల్లమీద పడింది.

"చూశారా, నాయకుడి చెయ్యంటే అలా ఉండాలి" అని పళ్ళ డాక్టరు మెచ్చుకున్నాడు.

అప్పుడు భార్య తరగతిలో వెనక బెంచీవాణ్ణి అడిగే గొంతుతో, చాలా మర్యాదగా అడిగింది. "నాకొక సందేహం అండీ. అరచేతుల్లో చెమట పట్టడం సహజమైన ఆరోగ్య లక్షణమని మీ కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చింది. మనిషై పుట్టిన ప్రతివాడికీ పడుతుందని సార్ ఇప్పుడే చెప్పారు. మరి సార్‌కి ఒక్క చుక్కైనా పట్టలేదు. అంటే సార్‌కి ఏదో జబ్బున్నట్టా?"

గది ఇంకొంచెం చల్లబడింది.

"పాలసీ తీసుకునేటప్పుడు ఈ జబ్బు సంగతి సార్ చెప్పారా? దాచిపెడితే పాలసీ రద్దవుతుందని మీ నియమావళిలో చదివినట్టు గుర్తు" అంది భార్య.

ఆ నియమావళిని ఒకరు చదివారన్న వార్త అధికారిణికి అధ్యక్షులవారి జబ్బుకన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. ఆమె పేజీలు తిప్పి చూసి, నెమ్మదిగా తలూపింది. "ఉంది సార్. మనమే పెట్టాం."

అధ్యక్షులవారు తన చేతిని తానే కొత్తగా చూసుకున్నారు. ఆయనకు పెద్ద పాలసీ ఉంది, కుటుంబం ఉంది, వయసు ఉంది. సంఘం వారు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. అరచేయి పొడిగా ఉండటమే ఆరోగ్యమని ఒప్పుకుంటే తడిగా ఉండటం జబ్బవుతుంది, డబ్బివ్వాలి. తడిగా ఉండటమే ఆరోగ్యమంటే అధ్యక్షులవారు రోగి అవుతారు. రెండింటిలో కంపెనీకి ఏది చవకో పళ్ళ డాక్టరు వేళ్ళమీద లెక్కించి చూశాడు. చివరికి, 'అరచేయి ఆరోగ్యవంతంగా ఎలా ఉండాలనే విషయంలో అధ్యక్షులవారి అరచేయినే ప్రమాణంగా స్వీకరిస్తూ, ఈ విన్నపదారుడు ఆ ప్రమాణాన్ని అందుకోవడానికి కంపెనీ ఉదారంగా సహాయపడుచున్నది' అని తీర్మానించారు. భార్య ఆ కాగితాన్ని ఊట చేతికి ఇవ్వకుండా తన సంచిలో పెట్టుకుంది.

ఇంజక్షన్లు వేసినరోజు ఊట పళ్ళు బిగబట్టాడు. అరచెయ్యి నిండా సూదులు గుచ్చుతుంటే నొప్పి పుట్టకుండా ఉండటానికి అతనేమీ అధ్యక్షులవారు కాదు. కొన్ని నెలలు చెమట ఆగుతుందనీ, మళ్ళీ మొదలైనప్పుడు మళ్ళీ వేయించుకోవాలనీ వైద్యురాలు చెప్పింది. మొదట ఏమీ తెలియలేదు. కొద్దిరోజులకు ఒక ఉదయం తలుపు గడియ తీయబోతే గడియ జారలేదు. ఊట దాన్ని మళ్ళీ వేసి, మళ్ళీ తీశాడు. పత్రిక తిరగేస్తే అక్షరాలు చేతికి అంటలేదు. గబగబా గదిలోకి వెళ్ళి, మంచం మీద కాళ్ళు తన్నుకుంటున్న పిల్లను రెండు చేతులతో ఎత్తాడు. అత్తగారు అలవాటు కొద్దీ చేతులు చాచుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల జారలేదు. అత్తగారు అలాగే కాసేపు నిలబడి, ఏం చేయాలో తోచక, ఆ చేతులతోనే చీర చెంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఊట ఆరోజు షాపుకి ఆలస్యంగా వెళ్ళాడు. తొడుగులు లేని చేతులతో ఊట స్క్రూలు బిగిస్తుంటే యజమాని గుమ్మంలో నిలబడి చూసి, తాడు తనే విప్పి చుట్టబెట్టాడు.

కంపెనీవారు కూడా ఎంతో ఆనందించారు. పొడిచేతులతో నవ్వుతున్న ఊట ఫొటోను నిలువెత్తున అచ్చువేసి, 'మీ చెమట తుడిచే చెయ్యి మాది' అని కింద రాసి, కార్యాలయం గోడకి అంటించారు. ఫొటో తీసినందుకు ఊట రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పాడు.

ఏడాది చివర పాలసీలు కొత్తవి చేయించడానికి కంపెనీ ఏజెంటు షాపుకే వచ్చాడు. మనిషికొక పుస్తకం, దానికి మెరిసే అట్ట. అందులో 'మీకు కల్పిస్తున్న మరిన్ని సౌకర్యాలు' అనే శీర్షిక కింద, బాగా లోపలి పేజీలో, చీమలు పాకినట్టు సన్నటి అక్షరాల్లో ఒక కొత్త నియమం ఉంది. అరచేతులు, అరికాళ్ళు, నుదురు తదితర భాగాల్లో చెమటకు చేసే ఏ చికిత్సకూ ఇకపై బీమా వర్తించదని దాని సారాంశం. దాని పక్కపేజీలో, పాలసీదారులు సంఘం ముందు హాజరయ్యేటప్పుడు జీవిత భాగస్వాములను వెంట తీసుకురాకూడదని ఇంకో నియమం ఉంది.

ఏజెంటు చివరి పేజీ తీసి, వేలు పెట్టి సంతకం చోటు చూపించాడు. వెనక షాపువాళ్ళంతా వరసకట్టి ఉన్నారు. టీ చల్లారిపోతోందని ఎవరో గొణిగారు.

"ఇందులో కొత్తగా ఏమైనా ఉందా?" అని అడిగాడు ఊట.

"అంతా మీ మంచికోసమేనండీ" అన్నాడు ఏజెంటు.

అంతకన్నా ఏం కావాలి? ఊట సంతకం పెట్టి, కలం వెనకున్నవాళ్ళకి అందించాడు. వెనకున్నది మనమే. మనం కలం అందుకుని, ఎక్కడ పెట్టాలని మాత్రం అడిగాం.